నా మొహమాటం బరువు సి సీటు మోసింది

మా రెవెన్యూ ఆఫీసుల్లో మనుషులకు పేర్లున్నా చెప్పుకునేది మాత్రం సీటు పేరుతోనే. "ఆ ఫైలు బి సీటులో ఉంది", "ఏ సీటు ఈరోజు కోర్టుకెళ్లారు", "సి సీటు లీవులో ఉంది" అంటూ ఉంటాం. డిప్యూటీ తహసీల్దారుగా చేరిన కొత్తలో ఈ మాటలు చెవికి వింతగా తగిలేవి. ఇప్పుడు నేనూ అలాగే అంటున్నాను. ఈ వ్యాసంలోనూ అలాగే రాస్తాను. ఇక్కడ చెప్పబోయే తప్పు నాది కాబట్టి మిగతావాళ్ల పేర్లతో పని లేదు.

2018 డిసెంబరు ఆఖరున వచ్చిన గ్రూప్-2 నోటిఫికేషన్‌తో నాకు ఈ ఉద్యోగం వచ్చింది. చరిత్ర, రాజ్యాంగం, ఆర్థిక వ్యవస్థ అన్నీ చదివాం. చేరాక శిక్షణలో భూ చట్టాలు చెప్పారు. అడంగల్, 1బి, ఎఫ్ఎంబీ లాంటి భూమి రికార్డులు ఎలా చూడాలో చెప్పారు. సర్వే శిక్షణలో ఎండలో గొలుసు పట్టుకుని గట్ల వెంట నడిచాం. వంద లింకులు ఒక గొలుసు, పది చదరపు గొలుసులు ఒక ఎకరం. అది ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అయితే నాకంటే ముప్పై మూడేళ్లు పెద్దాయన దగ్గరికి వెళ్లి "ఈ పని మీరు చేయాలండీ" అని ఎలా అడగాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

2022 మొదట్లో ఒక మండలంలో ఆఫీసు డీటీగా, అంటే ఆఫీసు చూసుకునే డిప్యూటీ తహసీల్దారుగా, పోస్టింగ్ వచ్చింది. అప్పటికి నాకు ఇరవై ఏడు. బయటివాళ్లకు తెలియకపోవచ్చు, ఎమ్మార్వో ఆఫీసు అని అందరూ పిలిచే చోట తహసీల్దారు గారు ఎక్కువ సమయం బయటే గడుపుతారు. భూ తగాదాలు, ప్రోటోకాల్, కలెక్టరేట్‌లో మీటింగులు, ఎన్నికల పని. ఆఫీసు లోపల ఏ ఫైలు ఎక్కడుంది, ఎవరు ఏం చేస్తున్నారు, ఎందుకు ఆగింది అన్నది చూడాల్సింది డీటీ. నా కింద నాలుగు సీట్లు. ఏ సీటులో సీనియర్ అసిస్టెంట్, అరవైకి దగ్గరలో ఉన్నారు. బి సీటులోనూ సీనియర్ అసిస్టెంటే, ఆయనకు యాభై దాటలేదు. సి సీటులో జూనియర్ అసిస్టెంట్, ఇరవై నాలుగేళ్ల అమ్మాయి. వాళ్ల నాన్న సర్వీసులో ఉండగా చనిపోతే కారుణ్య నియామకం కింద వచ్చింది. డి సీటులో ఇంకొక జూనియర్ అసిస్టెంట్. వీళ్లు కాక కంప్యూటర్ ఆపరేటర్, ఆర్ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్), వీఆర్వోలు (గ్రామ రెవెన్యూ అధికారులు), మేమంతా బాబాయ్ అని పిలిచే అటెండర్.

చేరేముందు నాకు రెండు రకాల సలహాలు వచ్చాయి. నాకంటే మూడేళ్లు సీనియర్ అయిన ఒక డీటీ, "మొదటి నెలలోనే ఎవరో ఒకరికి మెమో ఇవ్వు, లేకపోతే నెత్తికెక్కుతారు" అన్నారు. మా నాన్న "పెద్దవాళ్లతో జాగ్రత్తమ్మా, అందరినీ కలుపుకుని పో" అన్నారు. నేను నాన్న మాట విన్నాను. అది మంచితనం అనుకున్నాను.

ఈ రెండు సలహాల్లో ఒకటి తప్పు, ఒకటి ఒప్పు అని నేను చెప్పడం లేదు. రెండూ నేను ఎలా కనిపించాలో చెప్పాయి, కఠినంగానో, మంచిగానో. ఆ ఆఫీసులో పని ఎవరి మీద ఎంత పడుతోందన్న ప్రశ్న రెండింట్లోనూ లేదు. కుర్రతనంలో పెద్ద సీటులో కూర్చున్నవాళ్లం మొదటి ఏడాదంతా మన ముఖం గురించే ఆలోచిస్తూ గడిపేస్తాం. నన్ను లెక్కచేస్తున్నారా, నా వెనక ఏమనుకుంటున్నారు, నిన్న నేను అలా అనకుండా ఉండాల్సిందా? ఈ టెన్షన్‌లో బల్లల మీద ఏముందో కనబడదు.

2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. కొత్త కలెక్టరేట్లకు మనుషులు కావాలి కాబట్టి ఉన్న ఆఫీసుల నుంచే తీసుకున్నారు. మా డి సీటు డిప్యుటేషన్ మీద వెళ్లిపోయాడు. మనిషి వెళ్లినా అతని పని మాతోనే ఉండిపోయింది. కుల, ఆదాయ ధ్రువపత్రాల విచారణ, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్లు, సోమవారం గ్రీవెన్స్‌లో వచ్చే అర్జీలు. (ఆ సోమవారం కార్యక్రమానికి ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరు మారింది. సోమవారం మాత్రం మారలేదు, అర్జీ పట్టుకుని వచ్చే ముసలివాళ్లూ మారలేదు.) ఈ పనిని మిగిలిన మూడు సీట్లకు పంచుతూ పని విభజన ఉత్తర్వు తయారు చేయమన్నారు తహసీల్దారు గారు. డ్రాఫ్టు నేనే రాశాను.

ఏ సీటు దగ్గరికి వెళ్దామనుకుని ఆగిపోయాను. ఆయన 1985లో మండలాలు ఏర్పడ్డ కొత్తలో ఉద్యోగంలో చేరిన మనిషి. ఆ ఏడాది జూన్‌లో రిటైర్ కావాల్సింది. జనవరిలో ప్రభుత్వం పదవీ విరమణ వయసును 60 నుంచి 62కు పెంచింది. చాలామంది సంతోషించారు. ఈయన కూతురి పెళ్లికి గ్రాట్యుటీ డబ్బులు లెక్క వేసుకుని ఉన్నారు. ఆ డబ్బు రెండేళ్లు వెనక్కి పోయింది. ఆ చికాకు ముఖంలో తెలుస్తూనే ఉండేది. ఆయన్ను ఎలా అడగను? బి సీటును కదిపితే, "నా దగ్గర కోర్టు కేసులున్నాయి మేడం" అని నేను మాట పూర్తి చేయకముందే అన్నారు. సరే అన్నాను.

డి సీటు పనంతా సి సీటుకు రాశాను. ఆ అమ్మాయిని పిలిచి చెబితే, "పర్లేదు మేడం, చేస్తాను" అంది.

ఎందుకు ఆమెకే ఇచ్చావని ఆరోజు ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. చురుకైన అమ్మాయి, కంప్యూటర్ బాగా వచ్చు, నేర్చుకునే వయసు. ఈ మూడూ నిజాలే. కానీ అసలు కారణం అవి కావు. మిగతా ఇద్దరినీ అడగడానికి నాకు మొహమాటం వేసింది. ఆమెను అడగడానికి వేయలేదు. మధ్యాహ్నం ఇద్దరం కలిసి క్యారేజీలు విప్పుకునేవాళ్లం. ఆఫీసులో నా ఈడుకు దగ్గరగా ఉన్నది తనొక్కతే. నా బ్యాగులో ఆవకాయ ఉంటే ముందు ఆమె పళ్లెంలోకి వెళ్లేది. మనం చనువున్న చోట ప్రేమ చూపిస్తాం, కాదనను. పనిని కూడా ఆ చనువున్న చోటే పడేస్తాం. ఆ రెండోది మన కంటికి కనిపించదు. ఆమె కాదనలేకపోవడానికి కూడా ఆ చనువే కారణం. పైగా నాన్న పోయి, ఆ ఉద్యోగంతో ఇల్లు నడుపుతున్న అమ్మాయి పై అధికారికి కాదు అని ఎలా చెబుతుంది?

నాలుగు నెలలు గడిచాయి. ఆఫీసు బాగా నడుస్తోందని నాకు అనిపించింది. ఎవరితోనూ గొడవ లేదు. ఏ సీటు గౌరవంగా "మేడం" అనేవారు. బి సీటు టీ తెప్పించేవారు. సాయంత్రం ఐదు దాటాక అందరూ వెళ్లిపోతే సి సీటు దగ్గర లైటు వెలుగుతూ ఉండేది. ఆ అమ్మాయి ఏడింటి బస్సు పట్టుకునేది. "ఇంకా ఉన్నావా, వెళ్లిపో" అని నేను నవ్వుతూ అని ఇంటికెళ్లేదాన్ని.

ఆగస్టులో సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు వచ్చింది. మా ఆఫీసులో పౌర సమాచార అధికారిని నేనే. మండల స్థాయిలో దానికి ఫీజు 5 రూపాయలు. ఒక కుర్రాడు తెల్లకాగితం మీద మూడు ప్రశ్నలు రాశాడు. మా నాన్న చనిపోయాక మా అమ్మ కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ కోసం పెట్టుకున్న దరఖాస్తు మీకు ఏ తేదీన అందింది? ఆ తర్వాత ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఏ ఉద్యోగి దగ్గర ఉంది? ఆలస్యానికి బాధ్యులు ఎవరు?

జవాబుకు చట్టం ఇచ్చే గడువు 30 రోజులు. ఇవ్వకపోతే రోజుకు 250 రూపాయల చొప్పున 25 వేల వరకు జరిమానా నా జీతంలోంచే పోతుంది. నిజం చెబుతున్నాను, ఆ కాగితం చూడగానే నాకు గుర్తొచ్చింది జరిమానానే. భర్త పోయి బ్యాంకు చుట్టూ తిరుగుతున్న ఆ తల్లి తర్వాత గుర్తొచ్చింది. ఆ వరుస నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

జవాబు రాయాలంటే పర్సనల్ రిజిస్టర్ తీయాలి. పీఆర్ అంటాం. ప్రతి సీటుకూ ఒకటి ఉంటుంది. వచ్చిన ప్రతి కాగితానికీ ఒక కరెంటు నంబరు (ఆ నంబరు పడ్డ కాగితాన్నే కరెంటు అంటాం), ఎవరి నుంచి వచ్చింది, విషయం ఏమిటి, ఎవరికి ఎప్పుడు పంపాం, జవాబు ఎప్పుడు వచ్చింది, చివరికి ఎలా ముగిసింది, ఇవన్నీ గళ్లలో ఉంటాయి. శాశ్వతంగా దాచాల్సినది ఆర్.డిస్, కొద్దికాలం ఉంచితే చాలనుకున్నది ఎల్.డిస్. చివరి గడి ఖాళీగా ఉందంటే ఆ కాగితం ఇంకా ఎవరి కోసమో ఎదురుచూస్తోందని అర్థం. పైనున్నవాళ్లు ఈ రిజిస్టర్లను క్రమం తప్పకుండా చూసి సంతకం పెట్టాలని పాత మాన్యువల్‌లోనే ఉంది. నేను సంతకాలు పెట్టేదాన్ని. చూసేదాన్ని కాదు.

ఆ శనివారం సాయంత్రం సి సీటు పీఆర్ తీసుకుని కూర్చున్నాను. ఆ తల్లి దరఖాస్తు దొరికింది. వీఆర్వో విచారించాడు, ఆర్ఐ రిపోర్టు సకాలంలోనే వచ్చింది. ఆ తర్వాత సి సీటులో 47 రోజులు ఉండిపోయింది. అందులో పదహారు రోజులు ఆ అమ్మాయి లీవులో ఉంది. వాళ్ల అమ్మకు ఆపరేషన్. లీవు మంజూరు చేసింది నేనే. ఆ పదహారు రోజులు ఆ సీటు పని ఎవరు చూడాలో నేను ఎవరికీ చెప్పలేదు. ఎవరికైనా చెప్పాలంటే మళ్లీ అడగాలి కదా.

ఇక లేచిపోదామనుకున్నాను. ఏమనిపించిందో, ఖాళీగా ఉన్న గళ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. సి సీటులో ముగియనివి 163. బీరువాలోంచి మిగతా రెండు రిజిస్టర్లు తీశాను. ఏ సీటులో 31. బి సీటులో 44.

ఆ అంకెలు నేనే రెండుసార్లు లెక్కపెట్టాను.

సోమవారం సి సీటు అమ్మాయి ఆ ఆర్టీఐకి జవాబు డ్రాఫ్టు చేసి తెచ్చింది. మూడో ప్రశ్నకు ఎదురుగా "సి సీటు జూనియర్ అసిస్టెంట్" అని తన చేత్తోనే టైపు చేసుకుని వచ్చింది. ఏడవలేదు, ఏమీ అనలేదు. సంతకం కోసం నిలబడింది.

నాకు దారులు లేకపోలేదు. ఆలస్యానికి బాధ్యులెవరన్నది అభిప్రాయం, అది సమాచారం కిందికి రాదు అని ఒక్క వాక్యంతో తప్పించుకోవచ్చు. చాలామంది అలాగే రాస్తారు. సెక్షన్ 5 ప్రకారం, నేను సహాయం కోరిన ఉద్యోగి ఆ చట్టం దృష్టిలో తనూ సమాచార అధికారితో సమానమే. కాబట్టి మాట ఆమె మీదికి నెట్టడానికి కూడా దారి ఉంది. ఆమె తన మీద టైపు చేసుకున్న ఆ లైను నేను కొట్టేశాను. తేదీలన్నీ ఉన్నవి ఉన్నట్టు రాసి, మూడో ప్రశ్నకు జవాబుగా ఏప్రిల్‌లో ఇచ్చిన పని విభజన ఉత్తర్వు ప్రతిని జతచేశాను. సీటు ఖాళీగా ఉన్న పదహారు రోజులకు ఎవరికీ బాధ్యత అప్పగించలేదని, అప్పగించాల్సింది డిప్యూటీ తహసీల్దారు అని రాసి సంతకం పెట్టాను. ఆ సర్టిఫికెట్ అప్పటికి రెండు రోజుల ముందే వెళ్లిపోయింది. ఆ కుర్రాడు అప్పీలుకు పోలేదు. వచ్చి కౌంటర్ దగ్గర జవాబు తీసుకుని, నిలబడి చదువుకుని, మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. వెనక్కి తిరిగి చూస్తాడేమోనని కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాను. తిరిగి చూడలేదు.

ఇదంతా చెబితే నా తోటివాళ్లు కొందరు ఒప్పుకోరు. "పని చేసేవాళ్లకే పని ఇస్తాం, చేయనివాడికి ఇచ్చి కూర్చుంటే పని అవుతుందా? జనానికి కావాల్సింది పని కావడమే కదా" అంటారు. ఇది గట్టి వాదనే, తీసిపారేయలేను. ఒక్క వారానికి చూస్తే వాళ్ల మాటే నిజం. ఏడాదికి చూస్తే కాదు. పనంతా ఒక్క మనిషి చేతిలో ఉన్న ఆఫీసు, ఆ మనిషి ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అయితే ఆగిపోతుంది. అది నేను కళ్లారా చూశాను.

దానికంటే నన్ను కుదిపేసిన సంగతి ఇంకొకటి ఉంది. జూనియర్ అసిస్టెంటుకు ప్రమోషన్ రావాలంటే డిపార్టుమెంటల్ టెస్టులు పాసవ్వాలి. ఏడాదికి రెండు విడతలు పెడతారు. సి సీటు అమ్మాయి మే విడతకు ఫీజు కట్టింది. పరీక్షకు పోలేదు. ఎందుకు పోలేదని చాలా రోజుల తర్వాత అడిగితే, "చదవలేదు మేడం, టైం దొరకలేదు" అంది. ఆ విడతలోనే మా ఆఫీసులో ఒకరు తన టెస్టు రాసి పాసయ్యారు. బి సీటు. తప్పు ఆయనదని అనను, ఆయనకు సాయంత్రాలు ఉన్నాయి కాబట్టి చదువుకున్నారు. పని తప్పించుకోగలిగిన మనిషి ముందుకెళ్లడానికి, పని నెత్తిన వేసుకున్న మనిషి ఉన్నచోటే ఉండిపోవడానికి కావాల్సిన ఏర్పాటు నేనే చేసి పెట్టాను. సంతకంతో సహా. దీన్ని ఏదో చిన్న పొరపాటు అని నేను సరిపెట్టుకోలేను. ఒక మనిషి సాయంత్రాలను తీసి ఇంకొకరికి ఇచ్చాను. అడగకుండా ఇచ్చాను.

సెప్టెంబరులో ఒకరోజు ఏ సీటు పెద్దాయన ఎదుట కూర్చున్నాను. నా గదికి పిలవలేదు, నేనే ఆయన బల్ల దగ్గరికి వెళ్లాను. మూడు రిజిస్టర్లూ తీసుకెళ్లి, అంకెలు చూపించాను. "ఇందులో మీరు ఏవి తీసుకోగలరో చెప్పండి. అన్నీ ఒక్కరే చేయడం అన్యాయం" అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని చాలాసేపు సి సీటు పీఆర్ తిరగేశారు.

"మీరు అడగలేదు కదా మేడం" అన్నారు. "అడగని పని నాకు నేనుగా వచ్చి ఎందుకు తీసుకుంటాను? ముసలాడు పనికిరాడని పక్కన పెట్టారేమో అనుకున్నాను."

ఆ మాటకు నా దగ్గర సమాధానం లేదు. నేను ఆయన్ను గౌరవిస్తున్నాననుకున్నాను. ఆయనకేమో పక్కన పెట్టేసినట్టు తోచింది. అదే అడగకపోవడాన్ని మేమిద్దరం రెండు రకాలుగా చదువుకున్నాం.

ఆ తర్వాత ఆయన చాలా చెప్పారు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు కాగితాలు గోనెసంచుల్లో వచ్చాయట. ఏ ఊరి ఫైలు ఏ మండలానికి పోయిందో తెలియక నెలల తరబడి జనం తిరిగారట. అప్పుడు ఆయనకు ఇరవై మూడేళ్లు. "మా సూపరింటెండెంటు నాకే అన్నీ ఇచ్చేవాడమ్మా, కుర్రాడివి కదా చెయ్యి అని. రెండేళ్లు టెస్టులు రాయలేకపోయాను" అన్నారు. మాట మధ్యలో "మేడం" పోయి "అమ్మా" వచ్చింది. ఆయన గమనించినట్టు లేదు. నేను గమనించాను.

ఆయనకు టైపింగ్ రాదు, ఫైళ్లు కంప్యూటర్లో నడిపే ఈ-ఆఫీసు అంటే చిరాకు. కానీ చేత్తో నోట్ రాస్తే ఒక్క అక్షరం తీయక్కర్లేదు. ఏ సర్వే నంబరు మీద పాత తగాదా ఉందో రికార్డు రూములోకి వెళ్లకుండానే చెబుతారు. భూమి అర్జీలు, ఆర్టీఐ దరఖాస్తులు ఆయన తీసుకున్నారు. ఆయన రాస్తారు, ఆపరేటర్ టైపు చేస్తాడు. పెద్దవాళ్లకు కంప్యూటర్ రాదు కాబట్టి పని ఇవ్వలేం అనేవాళ్లకు నేను చెప్పేది ఇదే. టైపింగ్ అన్నది పనిలో ఒక ముక్క మాత్రమే. ఆ ముక్కను వేరు చేసి ఇంకొకరికి ఇవ్వొచ్చు. నలభై ఏళ్ల జ్ఞాపకాన్ని ఎవరికీ బదిలీ చేయలేం.

బి సీటు విషయం అంత సులువుగా తేలలేదు. తేలకపోవడంలో సగం తప్పు నాది. అంకెలు చూసి ఆయన మీద కోపం పెంచుకున్నాను. 44 ఎక్కడ, 163 ఎక్కడ అనుకున్నాను. అయితే లెక్కలోనే ఒక మోసం ఉంది. ఆదాయ ధ్రువపత్రం ఒక కరెంటు, పది నిమిషాల్లో ముగుస్తుంది. హైకోర్టులో పడ్డ రిట్ పిటిషన్ కూడా ఒక కరెంటే. దానికి పేరాల వారీగా రిమార్కులు రాయాలి, పాత రికార్డు వెతకాలి, ప్రభుత్వ ప్లీడర్ ఆఫీసుకు పోవాలి, కోర్టులో మా తరఫు జవాబు (కౌంటర్) వేసేదాకా వెంటపడాలి. ఒక్కోటి మూడు నాలుగు రోజులు తినేస్తుంది. అలాంటివి ఆయన దగ్గర నిజంగానే తొమ్మిది ఉన్నాయి. "కోర్టు కేసులున్నాయి మేడం" అన్న మాటను నేను సాకు అనుకున్నాను, అది సగం నిజం. ఏప్రిల్‌లో ఆ మాట విని, నోరు మూసుకుని వెనక్కి రాకుండా, "ఎన్ని ఉన్నాయి, చూపించండి" అని అడిగి ఉంటే అప్పుడే తేలేది. మొహమాటం వల్ల నేను ఆయన్ను నమ్మనూ లేదు, ప్రశ్నించనూ లేదు.

అందుకని అక్టోబరులో ఒక్కో సీటులో నాలుగేసి రోజులు కూర్చున్నాను. వాళ్లు లీవు పెట్టినప్పుడు, కోర్టుకు పోయినప్పుడు ఆ కుర్చీలోనే కూర్చుని వచ్చిన కాగితం వచ్చినట్టు నేనే చేశాను. కౌంటర్‌కు ఎదురుగా ఉండే సి సీటులో రోజుకు ఎంతమంది వచ్చి "మా పని ఏమైందమ్మా" అని అడుగుతారో నా గదిలో ఉన్నన్నాళ్లు నాకు తెలియలేదు. మొదటిరోజు మధ్యాహ్నానికి నా గొంతు బొంగురుపోయింది. ఫైలు తెరిచిన ప్రతిసారీ ఎవరో ఒకరు పిలుస్తారు. మూసి మళ్లీ తెరిచేసరికి ఎక్కడ ఆపామో మర్చిపోతాం. అది ఏ రిజిస్టరులోనూ ఏ గడిలోనూ రాయని పని. ఆ పని మొత్తం ఇన్నాళ్లూ ఒక్క అమ్మాయి చేసింది.

నవంబరులో కొత్త పని విభజన ఇచ్చాం. బి సీటుకు కుటుంబ సభ్యుల సర్టిఫికెట్లు వెళ్లాయి, ఆయన కోర్టు కేసుల్లో మూడింటికి రిమార్కులు నేను రాయడానికి తీసుకున్నాను. కౌంటర్ దగ్గర గంటల వారీగా ముగ్గురూ కూర్చోవాలని రాశాం. ఆయనకు నచ్చలేదు. ఉద్యోగుల సంఘం నుంచి ఒక నాయకుడు ఫోన్ చేసి, "కొత్తగా వచ్చారు, కాస్త చూసుకోండి" అన్నారు. నేను రిజిస్టర్ల అంకెలు చెప్పాను. ఆయన "సరే, చూడండి" అని పెట్టేశారు. దాదాపు నెల రోజులు నా గదికి టీ రాలేదు. బాబాయ్ తనే తెచ్చిపెట్టేవాడు, ఎవరూ చెప్పకుండానే.

ఆ నెల గురించి ఈ సీటులోకి కొత్తగా వచ్చేవాళ్లకు వివరంగా చెప్పాలనిపిస్తుంది. ఆఫీసులో మాటలు ఆగిపోతాయి. మనం వెళ్లేసరికి నవ్వు ఆగుతుంది. రాత్రి పడుకున్నాక పొద్దున జరిగింది మళ్లీ మళ్లీ తిరుగుతుంది. ఉత్తర్వు వెనక్కి తీసుకుంటే రేపటినుంచి అంతా మామూలే కదా అనిపిస్తుంది. నాకు చాలాసార్లు అనిపించింది. వెనక్కి తీసుకుంటే ఆ హాయి నాకు, బరువు సి సీటుకు. అది ఒక్కసారి అర్థమయ్యాక ఇంక వెనక్కి పోలేకపోయాను. బి సీటు ఈ రోజుకీ నాతో ముక్తసరిగానే మాట్లాడతారు. పని మాత్రం చేస్తారు. మేం స్నేహితులం కాలేదు, కాకపోయినా ఫర్వాలేదు. నా కింద పనిచేసేవాళ్లందరూ నన్ను ఇష్టపడాలన్న కోరికకు ఎవరో ఒకరు జీతం లేని ఓవర్‌టైం చేయాల్సి వస్తుంటే, ఆ కోరిక నాకు వద్దు.

మెమోల సంగతి కూడా చెప్పాలి, నన్ను చాలామంది అడుగుతారు. ఇప్పటివరకు రెండు ఇచ్చాను. మెమో ఇవ్వకూడదని నేను అనను. పని సమంగా పంచి, ఎదురుగా కూర్చుని చెప్పి, గడువు ఇచ్చి, అయినా కాకపోతే ఇవ్వాల్సిందే. కానీ ముగ్గురి పని ఒకరికి ఇచ్చి ఆలస్యమైందని ఆ ఒకరికే మెమో ఇచ్చే ఆఫీసులు నేను చూశాను. ఆగస్టులో నేనూ దానికి ఒక్క అడుగు దూరంలో ఉన్నాను. ఆ డ్రాఫ్టు మీద కళ్లు మూసుకుని సంతకం పెట్టి ఉంటే ఆ తర్వాత వచ్చేది మెమోనే.

ఇది రెవెన్యూ ఆఫీసుల గొడవ మాత్రమే అనుకోవద్దు. హైదరాబాద్‌లో ఐటీ కంపెనీలో టీమ్ లీడ్‌గా ఉన్న నా ఇంటర్ స్నేహితురాలు నా మాట వింటూ వింటూ మధ్యలో ఆపి, "మా టీమ్‌లో సి సీటు ఎవరో నాకు తెలుసే" అంది. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలైనప్పుడు రాష్ట్రంలో లక్షకు పైగా కుర్రకారు ఒకేసారి ఉద్యోగాల్లోకి వచ్చారు. వాళ్లందరి వయసులూ దగ్గర దగ్గర. అక్కడ పెద్దవాళ్లను అడగలేని ఇబ్బంది లేదు. కానీ స్నేహితుణ్ని అడగలేని ఇబ్బంది ఉంది. కంప్యూటర్ బాగా తెలిసిన ఒక్కరి దగ్గర ఊరి పనంతా చేరడం నేను అక్కడా చూస్తున్నాను. వయసు తేడా ఉన్నా లేకపోయినా మొహమాటానికి కారణం దొరుకుతుంది.

ఏ సీటు పెద్దాయన 2024 జూన్‌లో రిటైర్ అయ్యారు. శాలువా కప్పాం, సభ పెట్టాం, అందరూ మాట్లాడారు. సభ అయ్యాక తన స్టాక్ ఫైలు సి సీటు అమ్మాయికి ఇచ్చారు. ముప్పై తొమ్మిదేళ్లుగా ముఖ్యమైన ఉత్తర్వులన్నీ కత్తిరించి, సంవత్సరాల వారీగా కుట్టి పెట్టుకున్న లావుపాటి కట్ట. ఆ అమ్మాయి అప్పటికి టెస్టులు పాసైంది. వాటిలో ఒకదానికి ఆయనే చెప్పి చదివించారు, మధ్యాహ్నం భోజనాల తర్వాత అరగంట చొప్పున. ఆ అరగంటలు ఆమెకు దొరకడానికి నవంబరు ఉత్తర్వే కారణమని నేను అనుకుంటాను. ఆమె ఎప్పుడూ అనలేదు. నేనూ అడగలేదు.

మొన్న గురువారం, పక్క జిల్లాలో కొత్తగా పోస్టింగ్ వచ్చిన ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. గొంతులో టెన్షన్ తెలుస్తోంది. "అక్కా, సీనియర్లు నా మాట వినట్లేదు. స్ట్రిక్ట్‌గా ఉండమంటావా, మంచిగా ఉండమంటావా?" అన్నాడు.

"మీ ఆఫీసులో సాయంత్రం ఆఖర్న వెళ్లేది ఎవరు?" అని అడిగాను.

కాసేపు ఆలోచించి ఒక పేరు చెప్పాడు. "పాపం, ఏం చెప్పినా చేస్తాడక్కా" అన్నాడు.

"ఆ అబ్బాయి పీఆర్‌లో ముగియనివి ఎన్ని ఉన్నాయి?"

"చూడలేదక్కా. సోమవారం చూస్తాను."

"సోమవారం గ్రీవెన్స్ ఉంటుంది, నీకు కుదరదు. టైం ఎంతైంది ఇప్పుడు? ఆరే కదా. బీరువా తాళం ఎవరి దగ్గరుందో కనుక్కో" అన్నాను.